బిళ్ళతో తట్టి చూడు

గాజులమండ్యంలో రేకుల షెడ్డు.
మే నెల. పొద్దున ఎనిమిదికే
కింద నిలబడలేం.
తోతాపురి కోతకొచ్చేలోపు
దామలచెరువు గుజ్జు ఫ్యాక్టరీకి తొట్టి పోవాల.
అదీ మా తొందర.

నాలుగేండ్లు నేను మ్యాట్ కత్తిరించేదాన్ని.
గాజుపోగులు. చూసేదానికి దూది,
పట్టుకుంటే మోచేతులదాకా కనబడని ముండ్లు.
సందకాడ చన్నీళ్ళే పోసుకోవాల,
కాగిన నీళ్ళు తగిలితే ఇంకా లోపలికి దిగతాయి.
మా పాప ఒళ్ళోకొచ్చే ముందు
దూరంగా నిలబడి అడుగుతుంది:
"మా, పోసుకున్నావా?"

ఈ తొట్టికి దొరసామన్న నా చేతికి రోలర్ ఇచ్చినాడు.
"గేటు పక్క నాది, గోడ పక్క నీది, మునెమ్మా."

ముందు అచ్చుకు మైనం.
రుద్దాల, తుడవాల, మళ్ళీ రుద్దాల,
మన ముఖం మనకు కనబడేదాకా.
మైనం తక్కువైతే
తొలి దోసె పెనాన్ని పట్టుకున్నట్టు
తొట్టి అచ్చును ఇడవదు.

మైనం మీద జెల్ కోటు.
అది వేలికి అంటీ అంటనట్టు అయినాక రెజిన్.
కోబాల్ట్ కలిపితే
నేరేడుపండ్లు కడిగిన నీళ్ళ రంగు.
కాటలిస్ట్ ఆఖర్న, కొలిచి కొలిచి,
ఈ ఎండకు ఇంకొంచెం తగ్గించి.
ఆ రెండూ నేరుగా కలిస్తే భగ్గుమంటాయి.
రెజిన్ మధ్యన ఉండాల్సిందే.
"మా అన్నదమ్ముల మధ్య మా అక్క మాదిరి"
అంటాడు దొరసామన్న.
ఆ అక్క పోయి ఏడేండ్లు.
అంతకు మించి చెప్పడు.

కుంచెతో అద్దతా ఉంటే
తెల్లని మ్యాట్ తడిసి తడిసి మాయమైపోతుంది.
ఉంది, కనబడదు.
ఎక్కడన్నా తెల్లగా మిగిలిందంటే అది గాలి.
రోలర్‌తో నడిమి నుంచి అంచుకు,
నడిమి నుంచి అంచుకు తోలుకుంటా పోవాల,
బుడగల్ని.
బిన్నా, బిన్నా!
మగ్గులో మిగిలింది అప్పుడే
జొరమొచ్చిన పిల్లోడి నొసలు మాదిరి కాల్తోంది.
ఇంకో నిమిషానికి కుంచె నిలువునా బిగుసుకుంది.

ఎనిమిదేండ్లప్పుడు చింతచెట్టు మీంచి పడితే
నన్ను పుత్తూరు తీసకపోయినారు.
ఆకుపసరు, కోడిగుడ్డు సొన,
పాతగుడ్డ, వెదురు బద్దలు.
మర్నాటికి కట్టు చెక్క మాదిరి.
గుడ్డకేం బలముంది? సొనకు అసలే లేదు.
మరి నా చెయ్యి ఎట్లా నిలబడిందో
ఇన్నేండ్లకు, రెజిన్ కంపులో
నాలుగో వరస పరస్తా ఉంటే తెలిసింది.
తెలిసినాక ఆగి ఆలోచించే సమయం లేదు.

రెండోనాడు తొట్టి అచ్చులోంచి
టప్పుమని ఊడొచ్చింది.
దొరసామన్న జేబులోంచి
అంచులరిగిన పాత రూపాయి బిళ్ళ తీసినాడు.
జానెడు జానెడుకు తట్టుకుంటా వచ్చినాడు.
నిండుగా ఉంటే టక్కుమంటుంది.
లోపల గాలుంటే డొబ్బుమంటుంది.
నా గోడ పక్క అంతా టక్కు.
నేను ఊపిరి వదిలినాను.

ఆయన పక్కకొచ్చేసరికి
ఆయన తట్టిన చోటే మళ్ళా తట్టినాడు.
చెవి దగ్గరగా పెట్టినాడు.
ఇరవై ఆరేండ్ల గ్రైండర్ మోత ఆ చెవుల్లో.
బిళ్ళ నా చేతిలో పెట్టి
"నువ్వు చెప్పు" అన్నాడు.

తట్టినాను.
డొబ్బు.
అరచేయంత.
ఓనరు గణేశన్ ఫోనులో లారీ మాట్లాడతా ఉన్నాడు.
టక్కు అంటే ఎవురికీ తెలీదు,
రెండు మూడు సీజన్లు.
ఆనాక ఏదో ఒక రాత్రి
పులిసిన గుజ్జు నీళ్ళు ఎవురి కాళ్ళ మీదికో.

"బోలుగా ఉందన్నా" అన్నాను.

ఆయన నా ముఖం చూళ్ళేదు.
గ్రైండర్ ప్లగ్గు పెట్టినాడు.
గాజుపొడి లేచింది షెడ్డంతా,
వెన్నెల మాదిరి అని చెప్పచ్చు గానీ
వెన్నెలకు దురద ఉండదు.

లారీ ఒక పూట ఆలస్యం. తిట్లు ఆయనే తిన్నాడు.
బిళ్ళ అడగలేదు, నేనూ ఇవ్వలేదు.

ఇప్పుడు బస్సులో కూచుంటే పక్క రేకును,
ఇంట్లో బియ్యం డబ్బాను,
ఊరికే తట్టి చూస్తా ఉంటాను.
నిన్న రాత్రి మా పాప
నా ఎడమచేతి పాత అతుకు మీద బిళ్ళ ఆనించి,
చెవి పెట్టి, శానాసేపు విని,
"మా, ఇక్కడ టక్కే" అంది.