వెనక్కి తిప్పే మీట

కాలికి రాడ్డు వేసి నాలుగు నెలలు.
క్లచ్చు తొక్కొద్దన్నాడు డాక్టరు.
ఓనరు ఫోను ఎత్తడం మానేసినాడు.
పాల వ్యానుకు ఇప్పుడు
కుప్పంవాడెవడో డ్రైవరు.

చిత్తూరు గిరింపేటలో మా అక్క ఇల్లు.
మిద్దె మీది గదిలో అక్క కొడుకు లోహిత్,
ఇంటరు రెండో సంవత్సరం, సగం మీసం,
నా చేతిలో నల్ల రిమోటొకటి పెట్టి
"నడుపు మామా, యాడికైనా పోవచ్చు" అన్నాడు.

యాడికైనా.
పదహారేండ్లు నేను పోయింది ఒకటే దావ:
పలమనేరు, బంగారుపాళ్యెం, చిత్తూరు,
మళ్లా చిత్తూరు, బంగారుపాళ్యెం, పలమనేరు.
యాడికైనా అంటే ఎటు తిరగాల్నో
చేతులకు తెలియలే.

మొదటి దినం గోడ. రెండో దినం సముద్రం.
మూడో దినం ఎవరిదో ద్రాక్షతోట, కంచె, గొర్రెలు.
గొర్రెలు పక్కకు దూకినాయి.
వాటికేమీ కాదంట, ఆటలో అట్ల రాసిపెట్టినారంట.
నేను మాత్రం బ్రేకనుకొని
రాడ్డున్న కాలితో నేలను తొక్కినా.
నొప్పి పుట్టింది, కారు ఆగలే.
లోహిత్ నవ్వి, నవ్వినందుకు నాలిక కరుచుకొని
"బ్రేకు ఎడమ చూపుడువేలు కింద మామా."

మూడు పెడళ్లు, ఐదు గేర్లు, ఒక హారను,
అద్దంలో కన్ను, కిటికీలో మోచెయ్యి.
ఇంత ఒళ్లును నాలుగు వేళ్లలోకి దించడమంటే
ముప్పైతొమ్మిదో ఏట పలక పట్టినట్టే.

దావ మీద నీలంగా ఒక గీత పోతుంటాది,
మలుపు దగ్గర ఎర్రబడుతుంది, నిదానించమని.
గీతను చూసినన్నాళ్లు గీతనే చూసినా,
దావను చూడలే.
పదో దినం తీసేయమన్నా దాన్ని.
మొగిలి ఘాట్లో ఎవడు గీస్తాడు గీత?
టైర్లే గీస్తాయి, నల్లగా,
అంతా అయినాక.

ఇంగొక మీట ఉంది.
నొక్కితే పగిలిన ముక్కలు లేచొచ్చి అద్దంలో కూచుంటాయి,
దొర్లిన బండి దొర్లుకుంటా పైకెక్కి
మలుపుకు ముందర నిలబడుతుంది,
ఏమీ ఎరగనట్టు.
ఒకే రాత్రి రెండువందలసార్లు నొక్కినా దాన్ని.
లోహిత్ ఆటను చూడలే, నా మొహం చూసినాడు.
తెల్లారి మూడుముక్కాలు, నలభై క్యాన్లు,
ముందర లైట్లు లేని టమాటా లారీ,
పక్కన క్లీనరు దొరవేలు నిద్రలో.
వాడికి ఎవరు చెప్పినారో ఏమో.

దొరవేలు బతికే ఉండాడు. ఎడమచెవి పోయింది.
మంచి చెవి నా పక్కకే ఉందిలే అంటాడు.
పోయిన ఆదివారం వచ్చినాడు,
కవరునిండా ఉడకబెట్టిన చెనక్కాయలు.
మంచం మీద నాకు ఎడమపక్కనే కూచున్నాడు,
చోటు అడక్కుండా.

ఆ దినం ఆటలో వాన.
కొండదావ, పద్నాలుగు మలుపులు.
ఏడోదాన్లో నలభైసార్లు పడిన మొనగాణ్ణి.
దొరవేలు చెనక్కాయ వొలుచుకుంటా
"రైట్, రైట్... పోనీ" అన్నాడు,
వాడి పద్ధతిలో, ఎవరికోసమూ కాదన్నట్టు.
ఏడో మలుపు ఇంకా కనపడకముందే
మంచంపట్టెను రెండుసార్లు కొట్టినాడు,
బండి తలుపును కొట్టినట్టు.
నా వేలు వదిలింది. బండి ముక్కు వంచింది,
వెనక చక్రాలు ఒక్క క్షణం నీళ్లమీద ఆలోచించి
సరేలే అన్నాయి.
మలుపయిపోయినా
ఆ మీట మీద బొటనవేలు అట్లే ఉంది.
నొక్కలే.

కింద సముద్రం ఒడ్డున
బండి ఆపి ఇంజను కట్టేసినా.
ఆటలో ఎవరూ ఇంజను కట్టెయ్యరంట,
లోహిత్ వింతగా చూసినాడు.
వైపర్లు ఆగినాయి. ముగ్గురమూ
తెరనిండా వాన చూస్తా ఉంటిమి.

దొరవేలు పొట్టు దులుపుకొని
మంచి చెవి నా పక్కకు తిప్పి అడిగినాడు:
"బాగుండాది గాని సామీ,
ఇంగ పాలు యాడ దించేది?"