చువ్వల పేచీ

సఖినేటిపల్లి పంటు ఇంకా అవతలి రేవులోనే ఉంది.
పడవ ఇంజన్లు బాగుచేసే కొల్లాటి ఏసుదాసు
రెండు సైకిలు చువ్వలు మెలికలుగా వంచి,
ఒకదాన్లో ఒకటి దూర్చి, నా ఒళ్లో పడేశాడు.
"లేసల్లే చేతులు కదా, విడదియ్యి చూద్దాం."

ముప్పయ్యేళ్లుగా ముడి వెయ్యడమే నా కూలి.
దారపు కండెకింతని లెక్క.
విప్పితే ఎవరిస్తారు?

లాగాను. తిప్పాను. పంటితో కూడా పట్టాను,
తుప్పు, గ్రీజు, కాస్త ఉప్పు.
బలం పెట్టేకొద్దీ
అలిగిన వియ్యపురాల్లా బిగుసుకుంది.

పంటు వచ్చింది. జనం, బళ్లు, బోండాల ఆటో.
వెళ్లింది కూడా.
నేనెక్కలేదు.

ఎప్పుడో, కళ్లు గోదారి మీదుండగా,
పోటెక్కి నీళ్లు ఎగువకి నడిచే వేళ,
వేళ్లు వాటంతటవే వదులయ్యాయి.
ఒక చువ్వ రెండోదాని నడుం పక్కనుంచి
ఒత్తిగిల్లి, జారి వచ్చేసింది.
చప్పుడే లేదు.
ఎలా వచ్చిందంటే చెప్పలేను.

చేతికొక ముక్క పట్టుకుని
చిన్నపిల్లలా నవ్వాను. ఆ వెంటనే
అరచేతుల్లో ఏదో వెలితి.

"ఏసుదాసూ,
మళ్లీ ఎక్కించే దారి మాత్రం చెప్పకు.
తర్వాతి పంటు
గంటకి గానీ రాదుగా."