ఎనిమిదో బల్ల

రావులపాలెం వంతెన దిగి
కాలేజీ దాకా వచ్చేసరికి
గాలికి కూడా చెమట పడుతుంది.
అటు గౌతమి, ఇటు వసిష్ఠ, నడుమ మేం,
నెత్తిన ఆషాఢం.
ఇలాంటి చోట గ్రిగ్నార్డ్ చర్య చేయించమని
సిలబస్ రాసినవాడు
ఏ మెట్ట ఊరివాడో!

ఈథర్ని ఆరబెట్టాం. కుప్పెల్ని ఓవెన్లో కాల్చాం.
మెగ్నీషియం తీగని గరుకు కాగితంతో రుద్ది
అయోడిన్ పలుకొకటి వేసి
పురిటిగది బయట నిలబడ్డట్టు నిలబడ్డాం.
బుడగ లేదు. మసకైనా లేదు.
"నీటి చుక్క సోకితే చచ్చిపోతుందండీ అది"
అన్నారు వేగేశ్న సుభాషిణి మేడం,
పైటచెంగు పిండుకుంటూ.
నీళ్లంటే గిట్టనిదేదీ
మా లంకల్లో బతకదు మరి.

నేను లాబ్ అసిస్టెంటుని.
ఎవరెవరి పేర్లో మోసే చర్యల
అడుగు మడ్డిని
ఇరవయ్యేడేళ్లుగా కడుగుతున్నాను.
అణువుల్ని చూళ్లేదు గాని
ఏ బల్ల మీద ఎవరి పేరుందో
గుమ్మంలోనే వాసన పట్టి చెబుతాను.
చేదు బాదం వాసన విరిగిపోయిందంటే కానిజారో.
ఒక్క కడుపున పుట్టినట్టుండే రెండు ఆల్డిహైడ్లు
గాఢమైన క్షారంలో పడితే
ఒకటి ఆమ్లమవుతుంది, ఒకటి ఆల్కహాలవుతుంది.
పిల్లలకి ఎక్కకపోతే నేనే అందుకుంటాను:
"వరదలో గోదారి పెద్దోడి గట్టు కోసి
చిన్నోడి చేలో మేట వేస్తుందే, అదన్నమాట."
మేడం విననట్టే ఉంటారు.
పరీక్షలో ముగ్గురు అదే రాశారట.

ఆ వేళ ఫిషర్.
ఎనిమిదో బల్ల పెయ్యల సువార్తది.
వెనిగర్ ఘాటు ఆమ్లం, ముక్కు ముడుచుకునే ఆల్కహాల్,
సల్ఫ్యూరికామ్లం నాలుగే చుక్కలు,
వేణ్ణీళ్ల గిన్నెలో పావుగంట.
తీసి సోడా నీళ్లలో వంపింది.
బుస్సుమని పొంగింది.
పొంగు దిగాక
గదంతా మాగిన అరటి.
కిటికీ అవతల మార్కెట్ యార్డులో
లారీలకెక్కే గెలల కన్నా
ఇదే అసలు అరటిలా ఉంది.
అందరూ నవ్వారు.
ఆ పిల్ల నవ్వలేదు.
"మా నాన్న చొక్కా" అంది.

రెండో నాళికలో సాలిసిలికామ్లం.
ఫినాల్ ఉప్పు మీదికి
మనం వదిలే ఊపిరిగాలినే ఒత్తి ఎక్కిస్తే పుట్టేది.
అది కోల్బే గారి వాటా.
ఈసారి మిథైల్ ఆల్కహాల్.
అవే నాలుగు చుక్కలు, అదే గిన్నె.
వంపి, వాసన చూసి,
గోడకి చేరబడిపోయింది.
నొప్పుల మందు.
పచ్చమూత సీసాలోది.
గెలలు మోసి మోసి కాయకట్టిన భుజానికి
రోజూ రాత్రి తను రాసేది.

"రెండూ ఒకటే చర్యా మేడం?"
"ఒకటే. ఆమ్లం, ఆల్కహాల్ కలిసి ఎస్టరు.
నడుమ ఒక నీటిబొట్టు జారిపోతుంది."
"జారినా అక్కడే ఉంటే?"
"అదే వెనక్కి లాగుతుంది. దీనికి రెండు దారులమ్మా.
ముందుకే నడవాలంటే
నీళ్లు తోడుతూ ఉండాలి."

తోడటం గురించి
ఆ పిల్లకి ఒకరు చెప్పాలా?
పోయిన ఆగస్టులో మూడు రోజులు
వాళ్ల పేటంతా చెంబులతో తోడింది.

రికార్డులో 'ఉపయోగాలు' దగ్గర
అందరూ గైడు చూసి నింపారు:
సుగంధాలు, మిఠాయిలు, రంగుల పరిశ్రమ.
సువార్త ఒక్క వాక్యం రాసింది.
"ఒకటి పగటికి, ఒకటి రాత్రికి."
మేడం ఎర్రపెన్ను
దాని మీద చాలాసేపు ఆగింది.
టిక్కు పెట్టలేదు, కొట్టెయ్యనూ లేదు.
సంతకం మాత్రం
ఎప్పటికన్నా గుండ్రంగా చేశారు.

సాయంత్రం నాళికలు కడిగాను.
సబ్బుకి లొంగలేదు.
ఇంటికెళ్తే మా ఆవిడ
నా చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని
"గెలలు గానీ ఎత్తారా ఏంటండీ?" అంది.
"లేదే" అన్నాను.

బయట మళ్లీ జల్లు.
బుధవారం ఇంకోసారి గ్రిగ్నార్డ్.
ఈథర్ సీసా మూత బిగించానా, లేదా?