బండి లేని పంక్చరు

కాసీబుగ్గలో రైలుగేటు దాటేక నా కొట్టు.
ఒక కంప్రెసరు, నీల్ల బేసిను,
తుప్పట్టిన డబ్బాలో ఉప్పుకాయితం ముక్కలు.
పాతికేల్లుగా కన్నాలు ఎతుకుతున్నాను.
ట్యూబు నీల్లలో ముంచితే సాలు,
కన్నం దానంతటదే సెప్పీస్తాది
బుడగలు బుడగలుగా.

ఢిల్లేసు సొల్యూషను అడిగిన మొదటిరోజు
నాను ఏటీ అడగనేదు.
రెండోసారీ అడగనేదు.
నాలుగోసారి అడిగినాను, బండేదిరా అని.
ఇంటికాడున్నాది మావా, అన్నాడు.
కల్లు నన్ను కాదు, ఎల్లిపోతున్న లారీని సూస్తన్నాయి.
పెదాల సుట్టూ సరమం ఎర్రగా సెక్కుకుపోయి
జీడి తగిలినట్టున్నాది.
పలాసలో జీడి తగలని ఇల్లేది? అనుకున్నాను.
అనుకోడం సులువు.
పది రూపాయలు పుస్తకంలో రాసుకోడం ఇంకా సులువు.

ఒక సాయంత్రం గేటు పడింది, ఒంటేలుకని ఎనక్కెల్లినాను.
పిక్కతొక్కల గుట్ట మీద కూకున్నాడు ఒక్కడూ,
పాలకవరులో ముకం ఎట్టీసి.
పీల్చినప్పుడు కవరు ముకానికి అంటుకుంటన్నాది,
ఒదిలినప్పుడు ఉబ్బుతున్నాది.
ఎన్నేల ట్యూబులకి గాలి కొట్టినానో,
మనిసి అలగ గాలి కొట్టుకోడం
ఎప్పుడూ సూడనేదు.

రెక్క పట్టుకుని లేపినాను. బుద్ధి సెప్పినాను,
పెదవి కింద ఖైనీ అలగే ఉన్నాది.
పదిహేనేల్ల గుంటడు నా నోటికేసి సూసి
మెల్లగా అడిగినాడు:
నీకు మానీడం అయ్యిందేటి మావా?

రైలెల్లిపోయింది. గేటు తీసినారు. బల్లు మోగుతున్నాయి.
మరెందుకు మొదలెట్టినావురా, అన్నాను.
నలుగురం ఆడుకునేవోలం,
ముగ్గురు పీల్చినారు, నాను పీల్చకపోతే
ఎవులితో ఆడతాను?
ఇప్పుడా ముగ్గురూ ఏరిరా?
ఎవులూ నేరు మావా.
అదొక్కటే వొస్తన్నాది, పొద్దుకాడ,
ఆకలి కాదు, ఆకలిలాగే.

మర్నాటినుండి నాను అమ్మనేదు.
ఆడు ఇంకో కొట్టుకెల్లినాడు.

అప్పుడొచ్చింది దమయంతి, ఆడి తల్లి,
పిక్కలు కొట్టే సేతుల్తో.
ఆ యేల్ల మీద గీతలు అరిగిపోయి సానా కాలం,
రేషను మిషను కూడా ఆమెని గుర్తుపట్టదు.
పుస్తకం తియ్యి, అంది.
సదువు రాదు. కొడుకు పేరు ఎలగుంటాదో మాత్రం తెలుసు.
గీతల్లేని యేలు ఒక్కో వరస మీదా ఎట్టి
లెక్కెట్టింది. పంతొమ్మిది.
రెండొందలిచ్చింది.
పది రూపాయలు సిల్లర తిరిగి తీసుకుంది.
తిట్టనేదు. తిట్టుంటే బాగున్ను.

ఆ రేత్రి ఖైనీ ఊసీసినాను.
పొద్దున్నే మల్లీ కొన్నాను. అదీ సెప్పాలి.

దమయంతి ఆడిని సికాకులం పెద్దాసుపత్రికి
బస్సెక్కించింది.
మజ్జిలో టెక్కలిలో దిగిపోయి పారిపోయొచ్చీసినాడు.
మల్లీ ఎక్కించింది.
ఈసారి కిటికీ పక్క తను కూకోనేదు,
గుమ్మం పక్క సీట్లో కూకుంది.

రెండు నెల్లకి
రోడ్డవతల సైకిలు గంట మోగింది.
నిజం సైకిలే. సీటు సిరిగిపోయింది.
గాలి కావాలి మావా, అని కేకేసినాడు.
ఇలగ రా, అన్నాను.
రాను. ఆ వోసన.

కొట్టు నిండా అదే వోసన.
నా సొక్కాలో, నా సేతుల్లో.
పాతికేల్లుగా నాకే తెల్దు.

సబ్బెట్టి సేతులు కడుక్కున్నాను, రెండుసార్లు.
సేతిపంపు సంకలో ఎట్టుకుని
లారీలు తప్పించుకుంటూ రోడ్డు దాటినాను.
ఎనక టైరుకి కొట్టినాను.
యేలికి ఉమ్ము రాసి వాలు మీద ఎట్టి సూసినాను.
సిన్న బుడగ.

రేపటికి దిగిపోద్దిరా, అన్నాను.

తెలుసు మావా.
రేపొస్తాను. ఈ పక్కే ఉంటాను.