ఉదాహరణ రాయి

కొరుక్కుపేట గేటు పడింది.
గూడ్సు బండి పోయేదాకా కదలదు మా బస్సు.
ఒళ్ళో ఇరవై మూడు వ్యాసాలు,
తొమ్మిదో తరగతి, తెలుగు మీడియం,
భావ ప్రకటనా స్వేచ్ఛ.
ఎర్ర పెన్ను మూత పళ్ళతో పట్టుకుని
ఒక్కొక్కటే దిద్దుతున్నాను.

ఇరవై రెండింటికి మొదలు ఒకటే:
"చేపకు నీరెంతో మనిషికి మాట అంత."
ఆ వాక్యం నాదే.
పోయిన నెల బోర్డు మీద రాసి
రెండుసార్లు గట్టిగా చదివించాను.
ఇప్పుడు ఇరవై రెండు చేపలు
ఒకే తొట్టిలో ఒకే వైపు తిరిగి
నోరు తెరుస్తున్నాయి, మూస్తున్నాయి.

ఇరవై మూడోదానికి మొదలే లేదు.
సుగంధి అని పేరు, తారీఖు,
కింద తెల్ల కాగితం.

ఎజ్రా "స్వేచ" అని వదిలేశాడు.
మస్తానమ్మ ఆర్టికల్ పంతొమ్మిదిని
తొంభై ఒకటి చేసింది.
అలాంటివాటికి సున్నా చుట్టడం తేలిక.
గేటు లేచేలోగా అయిపోవాలని
అన్ని మార్జిన్లలోనూ ఒకటే సలహా:
ఉదాహరణ రాయి.

"మీ ఇంట్లోనో, మీ వీధిలోనో చూసింది రాయండి.
భయపడకండి" అన్నాను మర్నాడు క్లాసులో.
చివరి మాట
చాక్‌పీసు విరిచినంత తేలిగ్గా వచ్చింది.

అందరూ పేపర్లోంచి ఉదాహరణ తెచ్చారు.
సుగంధి ఒక్కతే ఇంట్లోంచి తెచ్చింది.
"మాయమ్మ తెల్లారి అయిదుకి చీపురెత్తుకోని
మింట్ వీధికి పోతాది" అని మొదలు.
ఆ తర్వాత సూపర్‌వైజరు, హాజరు పుస్తకం,
ఆరు వరసలు.
ఒక్క కామా లేదు.
ఊపిరి బిగబట్టి రాసినట్టుంది.

నా పెన్ను ఊరుకుంటుందా,
మాయమ్మ కొట్టేసి మా అమ్మగారు,
పోతాది కొట్టేసి వెళ్తారు,
"అరిసినాడు" కొట్టేసి "కేకలు వేశారు".
తిట్టినవాడికి కూడా
గౌరవ వాచకం తగిలించాను.
దిద్దాక చదువుకుంటే
ఆవిడెవరో నాకే తెలియలేదు.
గంజి పెట్టిన చీరలో
చీపురు ఎక్కడ పెట్టాలో తోచక నిలబడింది.

స్టాఫ్‌రూము గుమ్మం దగ్గర సుగంధి.
"ఆ ఆరు లైన్లూ తీసేస్తాను టీచర్."
"అక్షర దోషాలకా? మార్కులు తగ్గించనులే."
"కాదు టీచర్. సూపర్‌వైజరు కూతురు నా బెంచీనే."
చెప్పు కొసతో గడప గీరుతూ కాసేపు నిలబడింది.
"ఉదాహరణ బాగుందా టీచర్?"
"చాలా బాగుంది."
"అందుకే తీసేస్తాను."
ఎర్ర గీతల కాగితం నా చేతిలోంచి తీసుకుని
నాలుగు మడతలు పెట్టి
జామెట్రీ బాక్సులో వేసుకుంది.
మూత పడేటప్పుడు వృత్తలేఖిని ఖణేల్మంది.

నానార్థాల పాఠంలో ఏటా చెబుతాను:
రాయి అంటే రాయమని, రాయి అంటే బండ.
ఏటా పిల్లలు నవ్వుతారు.
ఆ ఏడు సుగంధి కూడా నవ్వింది.

సోమవారం ఫెయిర్ కాపీ తెచ్చింది.
గుండ్రటి అక్షరాలు, సరైన వత్తులు,
మొదట్లోనే చేప.
ఇరవై మూడోది కూడా తొట్టిలోకి వచ్చేసింది.
ఒక్క తప్పు లేదు.
పదికి తొమ్మిది వెయ్యాలి, న్యాయంగా.

సాయంత్రం గేటు మళ్ళీ పడింది.
మణలి వైపు నుంచి కిరసనాయిలు వాసన.
బాల్‌పెన్ను నొక్కిపట్టి రాసే పిల్ల అది,
బెంచీ మీద కూడా పేరు దిగేలా.
నోట్‌బుక్కులో చించిన కాగితానికి
కింది కాగితం ఇదే అయివుంటుందని
అప్పుడు తట్టింది.

కిటికీ ఎండకి ఏటవాలుగా పట్టాను.
చేప కింద, నీరు కింద,
సిరా లేని ఆరు వరసలు
పొలంలో ఎండిన చాళ్ళలా.
"మాయమ్మ" మాయమ్మగానే ఉంది.
వేలితో తడుముతూ చివరిదాకా చదివాను.
పక్క సీటు మామ్మ
కాగితంలో ఏముందని తమిళంలో అడిగింది.
పరీక్ష పేపరు అన్నాను.

ఏముందో ఇక్కడా రాయను.
రెండో బెంచీలో ఇద్దరు కూర్చుంటారు.
మార్కుల గడి ఇంకా ఖాళీ.