ఒక్క దిక్కే తోమింది

ట్యూబ్‌లైటు కింద రాగిని నమ్మొద్దు.
జలాలుద్దీన్ సాబ్ నాకు నేర్పిన మొదటి పాఠం అది.
మహబూబ్ చౌక్ గడియారం నీడ
మా అరుగు దాటేదాకా ఆగి,
పొద్దటి ఎండలో, అంచులు రెండు వేళ్ల మధ్య పట్టి
కొద్దిగ వంచి చూడాలె.
మొహం మీద వేలు పడ్డదా,
నీ ముద్ర కూడ దాని వయసులో కలుస్తది అనేటోడు.

ముందుగాల ఎత్తులు చూడు.
అరుగుడు ఎప్పుడైనా ఎత్తుల కాడనే షురూ అయితది:
తుగ్రా నిలువు గీతల కొసలు,
అంచు చుట్టూ పూసల్లెక్క ఉన్న చుక్కలు.
అరిగినదానికీ, అచ్చు సరిగ పడనిదానికీ తేడా ఉంది.
ఒకటి బతికిన గుర్తు,
ఇంకోటి పుట్టుకలనే కొరత.
రెండింటికీ ఒక్క ధర కట్టేది
బేపారి కాదు, కాంటా.

ఆ తర్వాత రంగు.
టంకసాల నుంచి వచ్చిన దినం ఎర్రగుంటది,
ఆ ఎరుపు నిలిచేది కాదు.
చెమట, గల్లాపెట్టె చెక్క, కొంగుముడి,
ముసురు దినాల తేమ, బీడీ పొగ
తలా ఒక పూత పూసిపోతయి.
పాత ఖర్జూరం రంగు మంచిది.
కప్పు అడుగున ఆరిపోయిన ఇరానీ చాయ్ రంగు ఇంకా మంచిది.
అక్షరాల సందుల్లో చిక్కగ, ఎత్తుల మీద పల్చగ ఉంటే
అది చేతులు మారిన రంగు.
అంతటా ఒక్క తీరుంటే ముక్కు దగ్గర పెట్టు.
గంధకం వాసనొస్తే
నిన్న రాత్రి పుట్టిన ముసలితనం.
బూటు పాలిష్ వాసనొస్తే నవ్వి తిరిగిచ్చెయ్.

సాబ్ పోయి పదకొండేండ్లు.
భూతద్దం పిడి మీద ఆయన బొటనవేలు చేసిన గుంట
ఇప్పుడు నా వేలికి సరిపోతున్నది.

మొన్న శుక్రవారం చిత్తారమ్మ వచ్చింది,
జుమ్మెరాత్ బజార్ల పాత తాళాలు అమ్ముతది.
పాన్‌డబ్బాలకెళ్లి పొట్లం తీసి విప్పింది.
నిజాం నాటి రెండు పైలు.
పసిపిల్ల అరికాలు లెక్క
గులాబీగ మెరుస్తున్నది.
"చింతపండేసి తోమిన" అన్నది, గర్వంగ.

నాకు నోట మాట రాలే. తిప్పిన.
వెనక దిక్కు
ఖర్జూరం.

"అటు తోముదామనేసరికి నల్ల బందయింది.
ట్యాంకరొచ్చినంక చూద్దామనుకున్న."
జీవితంలో మొదటిసారి
రాని నీళ్లకు దండం పెట్టిన.

చెప్పిన: నువ్వు తీసింది మురికి కాదమ్మా, వయసు.
"మరి నా తాళాలకు పట్టేదో?"
అది తుప్పు.
"రాగికి పడితే వయసు, ఇనుముకు పడితే తుప్పు.
మంచిగున్నది నీ బేపారం."
సాబ్ ఉంటే ఏం జవాబిచ్చేటోడో.
నేను భూతద్దం తుడుచుకుంట కూసున్న.

"మల్ల వస్తదా ఆ రంగు?"
వస్తది. ఏడనన్న పెట్టి మరిచిపోతే,
ముప్పై నలభై ఏండ్లకు.
ఆమె పకపక నవ్వింది, పాన్ ఎరుపు పండ్లన్నీ కనబడేటట్టు.
"నాకు అరవై దాటినయి నాయనా.
ఏ దిక్కు కొంటవో ఆ దిక్కు ధర చెప్పు."

చీటీ మీద కండిషన్ అని ఒక్కటే గడి ఉంటది.
ఒక్క మాట పట్టే జాగ.
నేను ఖాళీగ వదిలేసిన.
ఖర్జూరం ధరలో సగమిచ్చిన;
అది ఎక్కువో తక్కువో ఇప్పటికీ తెల్వది.

సందేళ అద్దాల డబ్బాలో సర్దుతుంటే
చెయ్యి దానంతట అదే
ముదురు దిక్కు పైకి పెట్టింది.
సికింద్రాబాద్ నుంచి వచ్చే గిరాకీ ఉన్నడు,
చూపు తక్కువ, తొందరెక్కువ,
పైగా వచ్చేది ట్యూబ్‌లైటు వేళకే.

చాలాసేపు నిలబడి
మల్ల తిప్పి పెట్టిన.
తోమిన మొహం పైకి.
ఎవరూ అడగలే.

ఇయ్యాల పొద్దున ఎండలో తీసి వంచి చూస్తే
గులాబీ మధ్యల, గోరంత మేర
మసక షురూ అయింది.
సన్నని గీతలు గీతలుగ, ఒక వేలి ఆకారం.
ఆమెదో,
నాదో.