టీ జాయింటు

పెరుంగుడిలో రాత్రి రెండూ నలభై.
అద్దం మీద వాన జారుతోంది.
కింద బురదనేల, దాని అవతల రైలు లేని వంతెన.
ఏసీ చలికి చున్నీ చెవులకు చుట్టుకుని
ఇరవై ఆరు వరసలు మార్చాను,
అంకె అంకె కూడబలుక్కుంటూ,
చుక్కకీ చుక్కకీ మధ్య ఊపిరి బిగబట్టి.

అవన్నీ ఒక ఆసుపత్రి యంత్రాల కొత్త చిరునామాలు.
తెల్లారి ఆరింటికి రక్తపరీక్షల చీట్లు
ఈ దారినే వెళ్లాలి.

సేవ్ చెయ్యమన్నాను.
కుదరదంది.
చదువుకోవడానికి మాత్రమేనంది.

తప్పు నాదే.
ఫైలు తెరిచే ముందు సూడో అని ఒక్క మాట అనుంటే సరిపోయేది.
అది మరిచి నలభై నిమిషాలు
అద్దానికి ఇవతల నిలబడి
అవతలి గోడకు సున్నం కొట్టాను.
నవ్వొచ్చింది. తర్వాత భయమేసింది.
మూసేస్తే ఇరవై ఆరూ పోతాయి.

మా నాన్న పెంచలయ్య
వ్యాసర్పాడిలో నీళ్లు వదిలే వాల్వుమేను.
ఆయన తాళంచెవి నా కంటే పొడుగు,
ఇనప కడ్డీ, పైన అడ్డంగా పిడి.
సైకిలు బారుకు కట్టుకుని ఆయన మలుపు తిరిగితే చాలు
వీధంతా బిందెలు మోగేవి.
ఇంట్లో అది బియ్యం డబ్బా వెనక నిలబడేది.
ముట్టుకుంటే వీపు చిట్లుతుందని అమ్మ.

తమ్ముడు ముట్టుకున్నాడు. తొమ్మిదేళ్లు వాడికి.
ఈడ్చుకెళ్లి, మూత ఎత్తి, ఎటో తిప్పాడు.
ఎనిమిదో వీధి సాయంత్రం దాకా ఎండిపోయింది.
నాన్న కొట్టలేదు.
వాడి చేత ఇంటింటికీ బిందె మోయించాడు.
"మూత ఎత్తడం ఎవడికైనా వచ్చురా,
ఎవరింట్లో ఆగిందో తెలియాలి."

నాకు ముందు ఈ కుర్చీలో కదిర్వేలు ఉండేవాడు.
వెళ్లిపోతూ కీబోర్డు అడుగున కాగితం ముక్క అతికించాడు.
పైన తమిళంలో, అవసరత్తుక్కు మట్టుం.
కింద ఒక్క వరస:
డబ్ల్యూ, ఆశ్చర్యార్థకం, సూడో, టీ, శాతం గుర్తు.

టీ అంటే తాగేదనుకున్నాను మొదటి ఏడాది.
కాదట.
నాన్న గోనెసంచిలో గలగలమనే ముక్కే అది,
ఒక గొట్టంలో వచ్చిన నీటిని
రెండు గొట్టాలకు పంచేది.
ఇక్కడ నీళ్లకు బదులు అక్షరాలు,
ఒక పాయ ఫైలులోకి, ఒక పాయ నా కళ్లముందుకి.

పాతదానికి నకలు తీశాను,
పేరు చివర ఈ రాత్రి తేదీ తగిలించి.
కాగితంలో ఉన్నది ఉన్నట్టు కొట్టాను.
పాస్‌వర్డ్ అడిగింది.
కొడుతుంటే తెర మీద చుక్క కూడా పడదు,
ఎన్ని అక్షరాలో నా వేళ్లకే తెలియాలి.
చలికి వేళ్లు కొంకర్లు పోయి మొదటిసారి తప్పాయి.
రెండోసారి పారింది.
ఇరవై ఆరు వరసలూ
తెర మీద గబగబా దిగిపోయాయి.

అంతలో ఒక హెచ్చరిక:
నువ్వు చూస్తుండగానే
బయటి నుంచి ఎవరో ఈ ఫైలును మార్చారు.

ఆ బయటి ఎవరో నేనే.
కాసేపు దానికేసి చూస్తూ కూర్చున్నాను.

తర్వాత ఒక్కో పేరునూ పిలిచాను.
ల్యాబు పలికింది. మందుల కొట్టు పలికింది.
బిల్లుల కిటికీలు నాలుగూ పలికాయి.
పద్దెనిమిదోది, ఎక్స్‌రే గది, పలకలేదు.
మళ్లీ పిలిచాను.
వాన తప్ప ఏమీ లేదు.

ఏడు కొట్టాల్సిన చోట ఒకటి కొట్టాను.

మూడూ ఇరవై.
కాగితం మీద చెయ్యి వెయ్యలేదు.
ఈసారి
ముందే సూడో అని
తలుపు తట్టి లోపలికి వెళ్లాను.